ఫిల్ము మీద గంటం

కెమేరా లేకుండా సినిమా తీయవచ్చునంటే చాలామంది నమ్మరు. కథ లేకుండా తీయవచ్చునంటే, "మనవాళ్లు ఏటా తీస్తున్నవి అవేగదా!" అని కొందరు నవ్వుతారు. కాని ఇది పరిహాసానికి అంటున్న మాట కాదు. నటులు లేరు, సెట్టింగులు లేవు, కెమేరా లేదు. ఒక ఫిల్ము చుట్ట, ఒక సూది, ఒక కుంచె, ఒక సిరాబుడ్డి. సరంజామా అంతా ఇంతే. ఫిల్ము మీదనే తిన్నగా గీసి, గీకి, రంగుపూసి, దాన్నే ప్రొజెక్టరుకెక్కించి తెరమీద ఆడించినవారు వున్నారు. అలా తయారైన చిత్రాల్లో ఒకటి 1955 లో ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో లఘుచిత్రాలకిచ్చే అత్యున్నత బహుమతిని కూడా గెలుచుకుంది.

ఎక్కడో దూరదేశాల్లో ఎవరో పట్టిన ఈ వింతపనితో గోదావరి వొడ్డున వుండే మనకేమిటి సంబంధం అని పాఠకులు అడగవచ్చు. సంబంధం వుంది. సన్నని పొడుగాటి పట్టీని చేతపుచ్చుకుని, దానిమీద ఇనుపమొనతో గీతలు చెక్కి, ఆ గీతల్లోకి మసి పట్టించే విద్య మనకు కొత్తది కాదు. మన కవులందరూ కావ్యాలు రాసుకున్నది అలాగే. తాటాకూ గంటమూ తెలిసినవాళ్లకు ఈ సినిమా సగం తెలిసినట్టే.

ముక్కలుగా కనిపించే గోదావరి

ముందు ఫిల్ము సంగతి చూద్దాం. కొవ్వూరులో రైలెక్కి రాజమహేంద్రవరం వెళ్లేవారికి ఇది తేలికగా బోధపడుతుంది. 1974 లో వాడకంలోకి వచ్చిన వంతెన మీద, పైన బస్సులు పోతుండగా, కింద మన రైలు పోతూవుంటుంది. కిటికీ ముందు ఇనుపకమ్మీలు ఒకదాని తరువాత ఒకటి అడ్డువస్తూనే వుంటాయి. నిజానికి మనకు కనిపించే గోదావరి ముక్కలుముక్కలుగానే కనిపిస్తుంది. అయినా నదిని ముక్కలుగా చూశానని ఎవరూ అనరు. కన్ను ఆ అడ్డు మరచిపోయి, ముక్కలన్నీ అతికి, ఒకే నది చేసుకుంటుంది.

సినిమా బతుకుతున్నది కంటికున్న ఈ మంచిగుణం మీదనే. హాల్లో ఆడే మామూలు ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. అందులో ఒక్కొక్క బొమ్మ, అంటే ఒక్కొక్క ఫ్రేము, చిన్న తపాలాబిళ్లకంటె పెద్దది కాదు. అడుగు ఫిల్ములో 16 ఫ్రేములుంటాయి. సెకనుకు 24 ఫ్రేములు తెరమీద పడతాయి. అంటే నిమిషం సేపు బొమ్మ ఆడాలంటే 90 అడుగుల ఫిల్ము, 1,440 ఫ్రేములు కావాలి. ప్రతి ఫ్రేమూ ఒక్క లిప్తకాలం ఆగి, చీకటిలో తప్పుకుని, తరువాతదానికి చోటిస్తుంది. చుట్టుచుట్టంతా ఆగి ఆగి నడిచేదే అయినా, చూసేవాళ్లకు అంతా ఒకే నడకగా తోస్తుంది.

ఇంతలో కెమేరా చేసే ఉపకారమేమిటి? సెకనుకు 24 బొమ్మల చొప్పున ఆ పట్టీమీద వేసిపెట్టడం. ఆ పని చెయ్యే చేసిపెడితే కెమేరాతో పనిలేదు.

కెమేరా కొనలేనివాళ్లు

ఈ ఆలోచన పుట్టి వందేళ్లు దాటింది. ఇటలీలో ఆర్నాల్డో జిన్నా, బ్రూనో కోర్రా అనే అన్నదమ్ములు 1910 తరువాత ఒకటి రెండేళ్లలోనే ఫిల్ముమీద తిన్నగా రంగులు పూసి చూశారు. స్వరాలతో సంగీతం కట్టినట్టు రంగులతో కూడా సంగీతం కట్టవచ్చునని వాళ్ల వాదన. ఆ విషయమై కోర్రా 1912 లో ఒక వ్యాసం రాశాడు. వ్యాసం మిగిలింది గాని, ఫిల్ములు మిగలలేదు. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం వుంచుకోవాలి. మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

తరువాత వచ్చినవాడు లెన్ లై. ఆయన 1901 లో న్యూజిలాండులో పుట్టి, లండను చేరిన బీద చిత్రకారుడు. కెమేరా ఖర్చు భరించే స్తోమతు లేక ఫిల్ముమీదనే రంగులు వేశాడు. ఆయన పనితనం చూసి బ్రిటిష్ తపాలాశాఖవారి చిత్రవిభాగం ఆయనను చేరదీసింది. 1935 లో వచ్చిన "కలర్ బాక్స్" అలా తయారైంది. గీతలు, చుక్కలు, అలలు, నాట్యసంగీతానికి అనువుగా కదిలే రంగులు, చివరను పార్శిలు చార్జీలు తగ్గాయన్న ప్రకటన! తపాలాకచేరీ వారి ధరలపట్టికను ఇంత ఉల్లాసంగా చూపినవాళ్లు అంతకుముందు లేరు.

అదే లెన్ లై 1958 లో "ఫ్రీ రాడికల్స్" తీశాడు. ఈసారి రంగులు కూడా మానేశాడు. నల్లటి ఫిల్ముమీద సూదిమొనలతో, దంతవైద్యుల పనిముట్లతో గీతలు గీకాడు. ఆఫ్రికా డోళ్ల మోతకు ఆ తెల్లని గీతలు చీకట్లో మెరుపుల్లా మెలికలు తిరుగుతాయి. ఆ ఏడే బ్రస్సెల్సులో ప్రయోగాత్మక చిత్రాల పోటీలో దానికి బహుమతి వచ్చింది.

ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చినవాడు నార్మన్ మెక్లారెన్. 1914 లో స్కాట్లండులో పుట్టాడు. గ్లాస్గోలో చిత్రకళ చదువుకునే రోజుల్లో ఆయనకూ కెమేరా లేదు. ఆడి ఆడి అరిగిపోయిన ఒక పాత సినిమా ప్రింటు సంపాదించి, స్నానాల తొట్టిలో నానబెట్టి, బొమ్మలన్నీ కడిగేసి, మిగిలిన తెల్లని పట్టీమీద రంగులు వేశాడు. 1941 నుంచి కెనడా ప్రభుత్వ చలనచిత్ర సంస్థలో పనిచేస్తూ బతుకంతా ఆ సాధనలోనే గడిపాడు. ఈవ్లిన్ లాంబార్టుతో కలిసి 1949 లో చేసిన "బిగాన్ డల్ కేర్"లో ఆస్కార్ పీటర్సన్ వాయించిన జాజ్ సంగీతానికి అనుగుణంగా ఫిల్ము పొడుగునా రంగులు పారించాడు. తడిరంగుమీద లేసుగుడ్డలు అద్ది ఆ నేతముద్రలు కూడా ఎక్కించారు. కాన్‌లో బహుమతి పొందిన చిత్రం ఈయనదే. దానిపేరు "బ్లింకిటీ బ్లాంక్". అందులో చాలా ఫ్రేములు వట్టి నలుపే! అక్కడక్కడ మాత్రం రెండుమూడు ఫ్రేములమీద బొమ్మ చెక్కి, మిగతాది ప్రేక్షకుడి కంటికి వదిలేశాడు. మెరుపు పోయిన తరువాత కూడా కంటిలో మెరుపు నిలుస్తుంది గదా, ఆ నిలిచిన మెరుపులతోనే చిత్రమంతా నడుస్తుంది.

ఈయన కేవలం ఉత్సవాలకు చిత్రాలు చేసి వూరుకోలేదు. 1949, 50 ల్లో యునెస్కో తరఫున చైనా పల్లెటూళ్లకు వెళ్లి, ఆరోగ్యసూత్రాలు బోధించే బొమ్మలనూ ఫిల్ము పట్టీలనూ తక్కువ ఖర్చుతో తయారుచేయడం అక్కడి చిత్రకారులకు నేర్పాడు. 1950 ల తొలిరోజుల్లో అదే సంస్థ తరఫున మన దేశం కూడా వచ్చి శిక్షణ యిచ్చాడు.

అమెరికాలో స్టాన్ బ్రాకేజ్ అనే ఆయన 1963 లో మరో అడుగు ముందుకు వేశాడు. ఫిల్ము కొనడానికి డబ్బులేని రోజుల్లో, దీపానికి మాడిన పురుగుల రెక్కలు, గడ్డిపోచలు, ఆకులు, పూలరేకులు ఏరి, రెండు పారదర్శకమైన టేపుల మధ్య అతికి, దాన్ని ఫిల్ముగా అచ్చువేయించాడు. అదే "మాత్‌లైట్". దీపంలో పడి చచ్చిన శలభాలు మళ్లీ దీపంముందే రెక్కలల్లార్చుతాయి. మన కవులకు శలభమంటే వెర్రిప్రేమకు ఉపమానం. ఆ రెక్కలకు మరోజన్మ వుంటుందని ఎవరూ వూహించలేదు.

ఇదంతా మూడు నాలుగు నిమిషాల ముచ్చటే అనుకోవద్దు. స్పెయినులో హోసే ఆంటోనియో సిస్టియాగా అనే చిత్రకారుడు 1970 నాటికి గంటంబావు నిడివి గల చిత్రాన్ని మొత్తం చేత్తో పూసి ముగించాడు. లెక్కవేస్తే లక్షకు పైగా ఫ్రేములు!

అయితే, దీనికి అర్థమేమిటి?

మా విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఇది. "కథ లేదు, పాత్రలు లేవు, ఉత్త గీతలు. ఇందులో అర్థమేముందండీ?"

సాహిత్యం చదువుకున్నవాళ్లకు అర్థంమీద మమకారం ఎక్కువ. కాని విద్వాంసుడు కల్యాణిరాగం అరగంట ఆలాపన చేస్తే, అందులో మాట ఒక్కటైనా లేకపోయినా తల వూపుతాం. తిల్లానాలో జతులకు నిఘంటువు తీసి అర్థాలు వెదకం. అంతదాకా ఎందుకు? తెల్లవారగానే మన ఇంటి ఆడవాళ్లు వాకిట్లో చుక్కలుపెట్టి గీతలు కలుపుతారు. ఆ మెలికలముగ్గుకు అర్థమేమిటని ఏ అత్తగారూ కోడలిని అడగలేదు. చుక్కలు సరిగా కూడాయా, గీత ఎక్కడా తెగకుండా తిరిగి మొదటికి వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. మెక్లారెన్ 1940 లో చేసిన ఒక చిత్రం పేరు "డాట్స్", అంటే చుక్కలు. మరొకదాని పేరు "లూప్స్", అంటే మెలికలు. కదిలే ముగ్గు అంటే వీటికి చక్కగా సరిపోతుంది.

ముగ్గుకు చుక్కల లెక్క వున్నట్టే దీనికీ లెక్క వుంది. తాళం తెలిసినవారు ఇలా కట్టి చూడవచ్చు. అరసెకనుకు ఒక దెబ్బ చొప్పున వేస్తే దెబ్బకు 12 ఫ్రేములు. ఆదితాళం ఒక ఆవృతానికి ఎనిమిది దెబ్బలు, 96 ఫ్రేములు, సరిగ్గా ఆరడుగుల ఫిల్ము. సమందగ్గర ఎర్రచుక్క పెడితే, ప్రతి ఆరడుగులకూ ఆ చుక్క పడాలి. పద్యంలో గణం తప్పితే చెవి పట్టేసినట్టు, ఇక్కడ రెండు ఫ్రేములు తప్పితే కన్ను పట్టేస్తుంది.

చప్పుడు కూడా చేత్తో గీయవచ్చు. బొమ్మల పక్కన అంచువెంట వుండే సన్నని పట్టీమీదనే శబ్దం అచ్చై వుంటుంది. దానిమీద ఫ్రేముకు పది అడ్డగీతల చొప్పున సమంగా గీస్తే, సెకనుకు 240 కంపనాలు. ప్రొజెక్టరు దాన్ని స్వరంగా పలుకుతుంది. ఇరవై గీస్తే అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. మెక్లారెన్ "డాట్స్"కు సంగీతం కూర్చింది ఈ విధంగానే, కలంతో. వాయిద్యాలూ లేవు, వాయించేవాళ్లూ లేరు.

మనకు తెలిసిన సగం

ఇక మన సగం సంగతి. మేకతోలును నానబెట్టి, గీకి, వెలుతురు పారేటంత పలచనచేసి, దానిమీద రంగులు వేసి, నగలున్నచోట సన్నని చిల్లులు పొడిచి, వెనుక దీపంపెట్టి తెరమీద ఆడించడం తోలుబొమ్మలాటవారి కులవిద్య. కాకినాడ దగ్గర మాధవపట్నంలోనూ, రాయలసీమలో నిమ్మలకుంటలోనూ ఆ కుటుంబాలు ఇప్పటికీ వున్నాయి. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ వచ్చింది. రంగు పూసిన పలచని చర్మం, దాని వెనుక వెలుగు, ఎదుట తెర. సీతమ్మవారి హారంలోని చిల్లులగుండా వెలుగు మిలమిలలాడినప్పుడు చూసేవాళ్లకు కలిగిన ఆనందం కథవల్ల కలిగింది కాదు, వెలుగువల్ల కలిగింది.

సినిమాహాళ్లు వచ్చిన తరువాత కూడా ఈ చేతిపని పోలేదు. ఆపరేటరు గాజుపలకకు మసో సిరాయో పట్టించి, సూదితో "విశ్రాంతి" అని గీకి తెరకెక్కించేవాడు. రీలు చివర గుర్తుచుక్క కనబడకుండా అరిగిపోతే తానే ఒక గీత గీకి, రెండో మిషనుకు మారే వేళ తెలుసుకునేవాడు. తెరమీద కుడివైపు పైమూల అకస్మాత్తుగా తళుక్కుమని మాయమయ్యే ఆ గీతను మనమందరం చూసేవుంటాం. అది ఆపరేటరు సంతకం.

పిల్లలు మాత్రం తక్కువవాళ్లా? హాలు వెనుక పారేసిన ఫిల్ముముక్కలు ఏరుకుని, కాలిపోయిన బల్బులో తీగ తీసేసి నీళ్లునింపి, అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, చీకటి గదిలో గోడమీద బొమ్మ వేయని వూరు ఆ రోజుల్లో లేదు. ఆ ముక్కమీద ఎవడైనా ఒక తుంటరి హీరోకు సూదితో మీసాలు గీసివుంటే, వాడు తెలియకుండానే లెన్ లైకి శిష్యుడయ్యాడన్నమాట.

గీకేముందు చదవాలి

ఇప్పుడు అసలు మాట. 2010 తరువాత కొద్ది ఏళ్లలోనే మన హాళ్లలో ఫిల్ము పోయి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాయి. జపానులోని ఫ్యూజీ కంపెనీవారు 2013 లో సినిమాఫిల్ము తయారీ మానుకున్నారు. ఎక్కడెక్కడి రీళ్లూ పాతసామాన్లకు తూకానికి పోయాయి. అంచేత చేత్తో సినిమా చేయదలచినవాడికి మొదట దొరికేది పాత రీలే. మెక్లారెన్ చేసినట్టు దాన్ని కడిగి వాడుకుంటే తప్పేమిటి అనిపిస్తుంది.

తప్పు వుండవచ్చు. 1921 లో వచ్చిన "భీష్మప్రతిజ్ఞ" మన తెలుగువారి తొలి మూకీ. 1932 లో విడుదలైన "భక్తప్రహ్లాద" తొలి టాకీ. రెంటిలో ఏదీ ఇవాళ చూడడానికి లేదు. 1936 లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టినప్పుడు, ఏటికి అవతలిగట్టునే బొమ్మలు తయారయ్యేవి. ఆ తరం రీళ్లలో ఎన్ని ఏ అటకమీద పడివున్నాయో!

ప్రయోగచిత్రాల గతి కూడా ఇంతే. బొంబాయిలో ప్రసిద్ధ చిత్రకారుడు అక్బర్ పదమ్సీ 1969, 70 ల్లో రెండు చిత్రాలు తీశాడు. గీతలూ చుక్కలూ కాగితాలమీద గీసి కెమేరాతో తీసిన "సిజిజీ" మిగిలింది. రెండోది "ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ ఛాంబర్". దానికి వున్నది ఒక్కటే ప్రింటు. ప్రదర్శనకని పంపితే పోయింది, మళ్లీ దొరకలేదు. ఫిల్ముమీద తిన్నగా చేసిన పనికైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. దానికి నెగెటివు వుండదు. వేరుగా ప్రతి తీయించుకోకపోతే చేతిలో వున్నదే మొదటిదీ చివరిదీ.

తాటాకుల విషయంలో ఈ దెబ్బ మనం ఒకసారి తిన్నాం. తాతలనాటి కట్టలు ఎవరికీ అక్కర్లేదని గోదావరిలో కలిపినవారున్నారు. ఈ ప్రాంతాల్లో ఉద్యోగం చేసిన బ్రౌనుదొరవంటివారు సేకరించి ప్రతులు రాయించబట్టీ, గౌతమీ గ్రంథాలయం వంటివి దాచబట్టీ కొన్నయినా దక్కాయి. ఫిల్ముకు కూడా అలాంటి చోటు వుంది. 1964 లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది. పాతరీలు కంటబడితే, ముందు వెలుతురుకు పట్టి అదేమిటో చూడాలి. పేరు తెలియని సినిమా అయితే దాన్ని ముట్టుకోకుండా భాండాగారానికి తెలియజేయడం మంచిది. 1950 ప్రాంతం దాకా వచ్చిన ఫిల్ము నైట్రేటుది కావచ్చు, అది భగ్గున అంటుకునే సరుకు. దాన్ని ఇంట్లో దీపాలదగ్గర వుంచకూడదు. గీకడానికి కావలసినవి వేరే వున్నాయి. రీలు మొదట్లోనూ చివర్లోనూ వుండే బొమ్మలేని నల్లపట్టీలు, వందలకొద్దీ ప్రతులు వేసిన ప్రకటనల తుంటలు చాలు.

అలాంటి ముక్క ఒకటి దొరికితే సెలవురోజున పిల్లలతో కూర్చోవచ్చు. పెదవి తడిచేసి ఫిల్ము అంచు ఆనిస్తే ఒకవైపు అంటుకుంటుంది. బొమ్మపొర వుండేది అటే, గీకవలసింది కూడా అటే. కలర్ ప్రింటులో నల్లగావున్న భాగాన్ని సూదితో పైపైన గీకితే పచ్చగీత వస్తుంది. మరికాస్త లోతుకు పోతే పసుపు. అడుగుదాకా పోతే తెలుపు. మూడు పొరల్లో మూడు రంగులు దాగివున్నాయని పిల్లలు తమ చేత్తోనే కనిపెడతారు. రంగుల విషయంలో మాత్రం జాగ్రత్త. బ్రాకేజ్ 2003 లో కాన్సరుతో పోయాడు. ఏళ్ల తరబడి ఫిల్ముకు పూసిన తారురంగులే అందుకు కారణం కావచ్చునని ఆయనే అనుమానించాడు. పిల్లలకు నీళ్లలో కలిసే సిరాలే ఇవ్వాలి, కుంచె నోట పెట్టనివ్వకూడదు.

ప్రొజెక్టరు ఎక్కడిదంటారా? తెల్లని వెలుగుమీద ఫిల్ము పరచి, సెల్‌ఫోనుతో ఒక్కొక్క ఫ్రేమునూ ఫొటోతీసి వరుసగా తిప్పితే గీతలు కదులుతాయి. కెమేరా వద్దని మొదలుపెట్టి చివరకు కెమేరాకే వచ్చామని నవ్వుకోవచ్చు. పరవాలేదు. బొమ్మ పుట్టించింది చెయ్యి, కెమేరా కేవలం లేఖకుడు.

ఒక నిమిషం బొమ్మకు 1,440 ఫ్రేములని చెప్పాను. రోజుకు ఒక అడుగు, అంటే పదహారు ఫ్రేములు గీసినా మూడు నెలల్లో ఒక నిమిషం సినిమా పూర్తవుతుంది. మూడు నెలలు కష్టపడి ఒక్క నిమిషమా అని పిల్లలు నిరుత్సాహపడితే, మూడు గంటల బొమ్మ వెనుక ఎంతమంది చేతులున్నాయో అప్పుడు చెప్పవచ్చు. పూర్తయిన తరువాత దానికి ఒక ప్రతి తీసి దాచమని చెప్పడం మాత్రం మరవకండి. మన పూర్వులు కావ్యం చివర లేఖకుడి పేరూ, రాసిన సంవత్సరమూ చెక్కేవారు. పట్టీ కొసను పిల్లవాడిచేత కూడా ఆ రెండు ముక్కలూ గీయించండి.